నాయనమ్మ ఏ ఏడు పుట్టింది?

అది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. ఊరి చివర కథోలిక గుడి ఉంది. గుడి వెనక సమాధుల తోట ఉంది.

నవంబరు 2 దగ్గర పడింది. ఆ రోజు ఆత్మల పండుగ. చనిపోయిన తమ వాళ్లను కథోలికులు తలచుకునే రోజు. ఊళ్లో వాళ్లంతా సమాధుల దగ్గర చేరారు. గడ్డి పీకుతున్నారు. సున్నం వేస్తున్నారు. పండుగ నాడు పూలు పెడతారు. కొవ్వొత్తులు వెలిగిస్తారు.

ఒక సమాధి మాత్రం ఇంకా మట్టి దిబ్బే. 2023 ఆగస్టులో పోయిన నాయనమ్మది. మనవరాలు ఆ దిబ్బ పక్కన నిలబడి ఉంది. మేస్త్రీ సిమెంటు సిలువ తెచ్చాడు.

"సిలువ మీద ఏం రాయాలమ్మా? పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ చెప్పండి" అన్నాడు.

పోయిన తేదీ అందరికీ తెలుసు. పుట్టిన తేదీ ఎవరికీ తెలియదు.

పెదనాన్న "ఎనభై ఉంటాయేమో" అన్నాడు. మేనత్త "తొంభైకి దగ్గరే" అంది. ఆధార్ కార్డు తీసి చూశారు. అందులో 1948 జనవరి 1 అని ఉంది. పుట్టిన రోజు తెలియని వాళ్లకు చాలామందికి జనవరి 1 అనే రాశారు.

"ఇదంతా ఎందుకు? నా పేరు రాసి, ఫలానా వాడి తల్లి అని రాయిస్తే సరిపోదా?" అన్నాడు పెదనాన్న.

మనవరాలికి ఆ మాట నచ్చలేదు. "నాయనమ్మ నీకు తల్లి కాకముందు కూడా మనిషే కదా పెదనాన్నా! రెండు రోజులు ఆగండి. నేను కనుక్కుంటాను" అంది.

నాయనమ్మకు చదువు రాదు. కానీ లెక్క వచ్చు. ఆ లెక్క జపమాలతో వచ్చింది. పది పూసలు, ఒక విడి పూస. మళ్లీ పది పూసలు. అట్లా అయిదు పదులు. రోజూ సందెవేళ దీపం పెట్టి ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టేది. మనవరాలు ఒకటి నుంచి పది దాకా లెక్క నేర్చింది ఆ పూసల మీదే.

మిరపకాయల కోతకు పోయిన రోజుల్ని నాయనమ్మ గోడ మీద బొగ్గుతో గీసేది. రోజుకు ఒక గీత. కూలి దగ్గర ఎవరూ ఆమెను మోసం చేయలేకపోయారు.

కాగితం దగ్గర మాత్రం మోసపోయింది. ఒకసారి 200 రూపాయలు అప్పు తీసుకుని వేలిముద్ర వేసింది. కాగితం మీద 500 అని ఉంది. ఆ సంగతి చెప్పినప్పుడల్లా నాయనమ్మ ఒకే మాట అనేది.

"డబ్బులు పోతే పోయినయ్ లేవే. కాగితం తలకిందులుగా పట్టుకున్నానంట. అందరూ నవ్వారు. అదే నేను మరిచిపోలేను."

మనవరాలికి పెళ్లయి, ఇద్దరు పిల్లలు పుట్టారు. ఊళ్లో రాత్రి బడి పెట్టారు. వెళ్లాలంటే ఆమెకు సిగ్గేసింది. చంటిపిల్లాడు కూడా ఉన్నాడు. నాయనమ్మే పలక చేతిలో పెట్టింది. "నువ్వు పోవే అమ్మా. పిల్లోణ్ణి నేను చూస్తాగా" అంది. ఏడాది పాటు ఒక్క రాత్రి కూడా ఆ మాట తప్పలేదు.

ఇప్పుడు ఆ చదువుతో నాయనమ్మకు ఒక పని చేసి పెట్టాలి.

ఆ రాత్రి మనవరాలు నోటుపుస్తకం తెరిచింది. నాయనమ్మ చెప్పిన మాటలు ఒక్కొక్కటే గుర్తు చేసుకుంది. నాయనమ్మ ఏనాడూ సంవత్సరాల అంకెలు చెప్పలేదు. జరిగిన సంగతులు చెప్పేది.

"సాగర్ డ్యాముకు నెహ్రూ గారు పునాదిరాయి వేసిన ఏడే నా పెళ్లి. అప్పటికి నాకు పదహారేళ్లు."

"పెళ్లయినాక ఆ డ్యాము పనికే పోయాం. తల మీద రాళ్లు మోశాను. మీ పెదనాన్న అక్కడి గుడిసెలోనే పుట్టాడు."

"మా చిన్నతనంలో గుడిలో పూజ లాటీను భాషలో చెప్పేవాళ్లు. ఒక్క ముక్క తెలిసేది కాదు. మేం కూర్చుని జపమాల చెప్పుకునేవాళ్లం. తర్వాత తెలుగు పూజ వచ్చింది. దేవుడికి ఇన్నాళ్లకు మన మాట వచ్చిందే అనుకున్నా!" అంటూ పకపకా నవ్వేది.

"కాలవకు సాగర్ నీళ్లు వదిలిన ఏడు మీ మేనత్త పుట్టింది."

"దివిసీమలో ఉప్పెన వచ్చినప్పుడు గాలికి మన ఇంటి కప్పు లేచిపోయింది. అప్పటికి మీ తాత లేడు. ముగ్గురు పిల్లల్నేసుకుని గుడిలో పడుకున్నా."

తెల్లారి మనవరాలు రాత్రి బడి పంతులమ్మను అడిగింది. పంతులమ్మ సంవత్సరాలు చెప్పింది. నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేసింది 1955 డిసెంబరు 10న. కాలువలకు నీళ్లు వదిలింది 1967లో. దివిసీమ ఉప్పెన వచ్చింది 1977 నవంబరు 19న. రోము నగరంలో 1962 నుంచి 1965 వరకు కథోలిక పెద్దల మహాసభ జరిగింది. ఏ దేశం వాళ్లు ఆ దేశం భాషలో పూజ చేసుకోవచ్చని ఆ సభలోనే తీర్మానించారు.

మనవరాలు లెక్క వేసింది.

1955లో నాయనమ్మకు 16 ఏళ్లు. 1955లో 16 తీసేస్తే 1939.

మరి ఆధార్ కార్డులో ఉన్నట్టు 1948 అయితే? 1955లో 48 ఏడు తీసేసి చూసింది. నాయనమ్మ పెళ్లినాటికి ఏడేళ్ల పిల్ల! అది కుదరదు. కార్డులో ఉన్నది తప్పు.

అయినా ఇది నోటిలెక్క. రుజువు కావాలి. నాయనమ్మ పుట్టిల్లు ఫిరంగిపురం వైపు. మనవరాలు బస్సెక్కి అక్కడి విచారణ గుడికి వెళ్లింది. కథోలికులు బిడ్డకు జ్ఞానస్నానం ఇప్పించినప్పుడు గుడి పుస్తకంలో రాస్తారు. బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, జ్ఞానతల్లి, జ్ఞానతండ్రి పేర్లు, తేదీలు అందులో ఉంటాయి.

ఫాదర్ గారు బీరువాలోంచి పాత పుస్తకం తీశారు. కాగితాలు పసుపు రంగుకు తిరిగాయి. అంచులు పెళుసుబారాయి. "రాత లాటీనులో ఉందమ్మా. నేను చదివి చెబుతాను" అన్నారు.

మనవరాలు పుస్తకం మీదికి వంగింది. అక్షరాలు ఆమెకు తెలియవు. అంకెలు మాత్రం తెలుసు. అవి రాత్రి బడిలో పలక మీద దిద్దిన అంకెలే. వేలు పెట్టి ఒక్కో వరస కిందికి దిగింది. ఒక చోట వేలు ఆగింది.

"1939" అని పైకి చదివింది.

ఫాదర్ గారు ఆ వరస చదివారు. అవే తల్లిదండ్రుల పేర్లు. అదే ఊరు. పుట్టింది జులై 26. జ్ఞానస్నానం జులై 30, ఆదివారం.

"జులై 26 అన్నమ్మ గారి పండుగ. అన్నమ్మ గారు దేవమాతకు తల్లి. అంటే యేసు ప్రభువుకు అమ్మమ్మ. ఆ రోజు పుట్టిందని మీ నాయనమ్మకు ఆ తల్లి పేరే పెట్టారు" అన్నారు ఫాదర్ గారు.

మనవరాలికి కళ్లు నిండాయి. నాయనమ్మకు 84 ఏళ్లు. ఆమెకు కూడా ఒక పుట్టినరోజు ఉంది. అది పండుగ రోజు. పాపం, ఆ సంగతి నాయనమ్మకే తెలియదు. బతికి ఉండగా అడిగి, వెతికి ఉంటే ఒక్క ఏడాదైనా అరిసెలు వండి పెట్టేది.

ఆత్మల పండుగ ముందు రోజు మేస్త్రీ వచ్చాడు. మనవరాలు సుద్దముక్కతో సిలువ మీద తానే రాసింది. నాయనమ్మ పేరు రాసింది. దాని కింద 1939 జులై 26 అని రాసింది. మేస్త్రీ ఆ గీతల మీదే చెక్కాడు. పెదనాన్న దగ్గరికి వచ్చి చూశాడు. సిలువను చేత్తో తడిమాడు.

"మా అమ్మకు పదహారేళ్లకే పెళ్లి చేశారా!" అన్నాడు మెల్లగా. తర్వాత మనవరాలితో, "ఆ నోటుపుస్తకం ఒకసారి చదివి వినిపించమ్మా" అన్నాడు.

సమాధి పక్కనే కూర్చుని ఆమె చదివింది. చుట్టూ ఉన్న వాళ్లు కూడా వచ్చి కూర్చున్నారు.

కొత్త మాటలు
విచారణ: ఒక గుడి కింద ఉండే ఊళ్లు.
జ్ఞానస్నానం: బిడ్డ తలపై నీళ్లు పోసి, పేరు పెట్టి సంఘంలో చేర్చుకోవడం.
జ్ఞానతల్లి: జ్ఞానస్నానం నాడు బిడ్డ తరపున మాట ఇచ్చే ఆమె.

తెలుసుకోండి
ముసలివాళ్లను గౌరవించడానికి పోపు ఫ్రాన్సిస్ గారు 2021లో ఒక రోజు పెట్టారు. అది ఏటా జులై నాలుగో ఆదివారం. అన్నమ్మ గారి పండుగకు దగ్గరగా ఉండేలా పెట్టారు.

ఆలోచించండి
1. ఆధార్ కార్డులో ఏడు తప్పని మనవరాలు ఎట్లా తెలుసుకుంది?
2. "ఫలానా వాడి తల్లి" అని రాస్తే ఆమె ఎందుకు ఒప్పుకోలేదు?
3. నాయనమ్మకు డబ్బు పోయినదానికన్నా ఎక్కువ బాధ దేనికి?

మీరూ చేయండి
మీ ఇంట్లో పెద్దావిడ ఉంటే ఈ రోజే పక్కన కూర్చోండి. "సాగర్ నీళ్లు వచ్చినప్పుడు నువ్వు ఎంత పిల్లవి? ఉప్పెన నాటికి నీకు ఎందరు బిడ్డలు? ఎన్.టి. రామారావు గారు మొదట ముఖ్యమంత్రి అయిన 1983లో నువ్వు ఏం పని చేసేదానివి?" అని అడగండి. చెప్పింది చెప్పినట్టు రాయండి. తప్పులు పోతాయేమోనని భయపడకండి. తప్పులు తర్వాత దిద్దుకోవచ్చు. మనిషి పోయాక అడగలేం.