అలహాబాదు వకాలత్

రావులపాలెం

మేనల్లుడికి,

మన అరటి యార్డు షావుకారు తన కేసుకి నిన్ను అలహాబాదు హైకోర్టుకి రమ్మంటున్నాడని మీ అమ్మ చెప్పింది. అడ్వాన్సు పుచ్చుకుని గెలలు పంపలేదని అక్కడి వ్యాపారి పెట్టిన ఎఫ్‌ఐఆర్ కొట్టేయించాలి, అంతేగా? ఒప్పుకో. కానీ రైలు టిక్కెట్టు తీసేముందు ఆ హైకోర్టు రూల్సు చదువు.

ఆంధ్రప్రదేశ్ బార్ కౌన్సిల్లో పేరుంది, దేశంలో ఎక్కడైనా వాదిస్తానంటావు. నిజమే, అడ్వకేట్ల చట్టం 30వ సెక్షన్ ఆ మాటే అంటుంది. చట్టం 1961 నాటిది, ఆ సెక్షన్ అమల్లోకొచ్చింది మాత్రం 2011 జూన్ 15న. మన ప్రభుత్వాల తొందర అలాంటిది! అయితే అదే చట్టంలో 34వ సెక్షన్ కూడా ఉంది. తమ ముందు ఎవరు ఏ పద్ధతిలో హాజరు కావాలో రూల్సు పెట్టుకునే అధికారం హైకోర్టులకి ఇచ్చింది. అలహాబాదు వాళ్లు పెట్టుకున్నారు. అక్కడి బార్ కౌన్సిల్ రోల్లో లేని ప్లీడరు, రోల్లో ఉండి అక్కడే ప్రాక్టీసు చేసుకునే ప్లీడరుతో కలిపి వకాలత్ వేయాలి. లేకపోతే కోర్టు అనుమతిస్తే తప్ప నోరెత్తడానికి లేదు. జంషేద్ అన్సారీ అనే ప్లీడరు దీన్ని సవాలు చేసి సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 2016లో రూలే నెగ్గింది. నాకూ సబబే అనిపించింది. వాదించేసి రైలెక్కినవాడికి నోటీసు ఎక్కడ ఇస్తారు? వాయిదాకి రాకపోతే ఎవర్ని నిలదీస్తారు?

అమెరికాలో ఇంకా బిగువు. పక్క రాష్ట్రం కోర్టులో నిలబడాలంటే మామూలుగా ఆ ఒక్క కేసుకే అర్జీ పెట్టుకుని అనుమతి తెచ్చుకోవాలి. ఒహాయోలో న్యూయార్క్ లాయర్లను రానివ్వకపోతే, అలా వెళ్లి వాదించడం రాజ్యాంగం కాపాడే హక్కు కాదని 1979లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చేసింది. ఆ లెక్కన నీ పని నయం.

ఇక అక్కడి ప్లీడరు సంగతి. ఆయన్ని సంతకానికి మాత్రమే పెట్టుకున్న మనిషిలా చూడకు. ఎఫ్‌ఐఆర్, వాంగ్మూలాలు హిందీలో ఉంటాయి, నీ హిందీ నాకు తెలుసు. ఫైలింగులో లోపాలు తీస్తే పరిగెత్తేది ఆయన గుమాస్తాయే. కేసు అలహాబాదులో వేయాలో, జిల్లాని బట్టి లక్నో బెంచికి వెళ్లాలో కూడా ఆయన్నే అడుగు. పిటిషన్ ముసాయిదా పంపి, దిద్దమను. దిద్దితే అలగకు.

ఫీజు ఇద్దరికీ వేరువేరని షావుకారుతో మొదటిరోజే చెప్పు. మనవాళ్లు లోడు కిరాయి రూపాయితో సహా లెక్క రాస్తారు గానీ, రెండో ప్లీడరు అనేసరికి ‘అతనెందుకండీ’ అంటారు. ఆ రూలు ప్రింటు తీసి చేతిలో పెట్టు.

ఈ ఒక్క కేసు కోసం రోలు మార్పించుకుంటానని మాత్రం అనకు. 18వ సెక్షన్ కింద ఫీజు లేకుండానే పేరు మార్చుకోవచ్చు. అది కాపురం మార్చేవాళ్లకి.

వకాలత్ ఫారం అక్కడినుంచే తెప్పించు. షావుకారు సంతకాలు నేను దగ్గరుండి పెట్టిస్తాను. మంగళవారం లోపు పంపితే సరిపోతుంది.

మీ మావయ్య