ఇరువురు కూర్చుండు బండిపై పసిబిడ్డ

ఉదయము ప్రార్థన గంట మ్రోగుటకు ముందు అరగంటసేపు మన పాఠశాల ద్వారము నొద్ద నిలిచి చూచినచో ఈ దృశ్యము తప్పక కనబడును. తండ్రి స్కూటరు నడుపుచుండును. అతని మోకాళ్ల నడుమ, కాళ్లు పెట్టుకొను పలకపై, అంగన్‌వాడికి పోవు చిన్నవాడు నిలువబడి యుండును. వెనుక మన ఆరవ తరగతి బాలిక. ఆమె వెనుక ఒక ప్రక్కకు తిరిగి కూర్చున్న తల్లి. తల్లి యొడిలో చంటిబిడ్డ. ఇరువురి కొరకు చేయబడిన బండిపై అయిదుగురు! వీరిలో హెల్మెట్టు గలవాడు తండ్రి యొక్కడే. ఒక్కొక్కప్పుడు అదియు బండి అద్దమునకు వ్రేలాడుచుండును.

తలిదండ్రులను నిందించుటకు మాకు హక్కు లేదు. కొన్ని సంవత్సరముల క్రిందట మేమును మా కుమార్తెను అట్లే ముందు నిలువబెట్టుకొని, సముద్రతీరపు దారిని భీమునిపట్నము నుండి విశాఖపట్టణమునకు పోవుచుంటిమి. మంగమారిపేట దాటిన పిదప కుక్క యొకటి అడ్డము వచ్చెను. బ్రేకు వేసితిమి. బండి ఆగినది, మేమును ఆగితిమి, బిడ్డ ఆగలేదు. వేగము చూపు గడియారపు అంచు ఆమె గడ్డమునకు తగిలి రెండు పాలపండ్లు ఊడెను, మూడు కుట్లు పడెను. అప్పటి మా వేగము గంటకు ముప్పది కిలోమీటర్లకు మించలేదు. ఏటేట తొమ్మిదవ తరగతి వారికి న్యూటను మొదటి సూత్రమును బోధించు మేము, ఆ సూత్రము మా బండిపై కూడ పనిచేయునని నాటివరకు తలంపలేదు!

బాలబాలికలారా, ఆ పాఠమునే ఇచ్చట కొంచెము లెక్కతో చూతము. గంటకు 40 కిలోమీటర్ల వేగమనగా సెకనుకు సుమారు 11 మీటర్లు. పది కిలోల బిడ్డ తల్లి యొడిలో నున్నదనుకొనుడు. బండి దేనికో తాకి సెకనులో పదియవ వంతు కాలమున ఆగిపోయినచో, ఆ బిడ్డను పట్టి నిలుపుటకు క్వింటాలుకు పైబడిన బరువును మోయునంతటి బలము కావలయును. ఏ తల్లి చేతులకు అంత బలము గలదు? ప్రేమ యెంత గొప్పదైనను కండరములు కండరములే. మరియొక విధముగా చెప్పవలెనన్న, ఆ వేగముతో తాకుట ఆరు మీటర్లకు పైబడిన ఎత్తునుండి, అనగా రెండంతస్తుల మేడపైనుండి, పడుటతో సమానము. వేగము 60 అయినచో ఆ యెత్తు ఒకటిన్నర రెట్లు గాక రెట్టింపునకు మించి పెరుగును. ఏలయన శక్తి వేగముయొక్క వర్గమును బట్టి యుండును.

ముందు నిలిచిన బిడ్డకు అపాయము మరింత యెక్కువ. ఎదుట చేతిపిడియు, వెనుక తండ్రి దేహమును ఉండును. బండి తాకినప్పుడు తండ్రి బరువంతయు ఆ బిడ్డ మీదనే పడును. బిడ్డను కాపాడవలెనని దగ్గర పెట్టుకొన్న తండ్రికి ఆ బిడ్డయే దిండగును. పసివారి తలయు పెద్దలకంటె పోలికలో పెద్దది. అప్పుడే పుట్టిన శిశువు తల దేహపు పొడవులో నాలుగవ వంతు. పెద్దవారిలో అది సుమారు ఎనిమిదవ వంతు. అంత తలను మోయు మెడ యింకను లేతగా నుండును.

చట్టము ఈ సంగతిని ఆలస్యముగానైనను గుర్తించినది. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 128వ సెక్షను ప్రకారము ద్విచక్రవాహనముపై నడుపువాడు గాక మరియొక్కరే కూర్చుండవలెను. 2019లో సవరింపబడిన 129వ సెక్షను నాలుగేండ్లు దాటిన ప్రతివానికి హెల్మెట్టు విధించినది. తొమ్మిది నెలలు మొదలు నాలుగేండ్ల వరకు గల బిడ్డలకు 2022 ఫిబ్రవరి 15న నియమములు ప్రకటింపబడి, ఏడాది గడువు తరువాత అమలునకు వచ్చెను. వాని ప్రకారము బిడ్డకు తల కొలతకు సరిపడు హెల్మెట్టు ఉండవలెను, రక్షణపట్టీ కట్టవలెను, వేగము గంటకు 40 కిలోమీటర్లు దాటరాదు. ఆ పట్టీ చేతులులేని చొక్కావలె బిడ్డకు తొడుగబడును; దాని వారులు నడుపువాని భుజములకు తగిలింపబడును. ముప్పది కిలోల వరకు మోయగలదిగా నది యుండవలెను. బిడ్డ నిద్రపోయి ప్రక్కకు ఒరిగినను జారిపోదు. పెద్ద ప్రమాదములో ఇది సర్వరక్షణ యని మేము చెప్పజాలము. కాని మలుపులలోను గుంటలలోను జారిపడుటను ఆపును.

వెనుక చక్రమునకు చీర చిక్కుకొనకుండ సగము వరకైనను కప్పు ఉండవలెనన్న నియమము కూడ గలదు. కొందరు అందము కొరకు దానిని విప్పివేయుదురు! కాలిపలకపై పాదములు ఆనని బిడ్డను వెనుక ఒంటరిగా కూర్చుండబెట్టుటయు మంచిది కాదు.

సెలవు దినములలో మన తీరపు దారిని ఇద్దరే కూర్చుండు స్పోర్ట్స్ కార్లు అప్పుడప్పుడు పోవుచుండును. వానిలో బిడ్డ క్షేమమని మన పిల్లలు తలంతురు గాని, వానికి వెనుక సీటే లేదు. బిడ్డ ముందే కూర్చుండవలెను. ఎదుట గాలిసంచి యుండును. అది రెప్పపాటుకంటె త్వరగా ఉబ్బి పెద్దవానిని కాపాడును. కాని వెనుకకు తిరిగియున్న శిశువు కుర్చీని అదే సంచి వచ్చి గట్టిగా కొట్టును. శిశువును వెనుకకు త్రిప్పి కూర్చుండబెట్టు ఈ కుర్చీని 1960ల నాటికి స్వీడనులో బెర్టిల్ ఆల్డ్‌మన్ అను ఆచార్యుడు రూపొందించెను. జెమిని నౌకలోని వ్యోమగాములు వెల్లకిల పరుండి ఆ ఒత్తిడిని వీపంతటితో ఓర్చుకొనుట చూచి ఆయనకు ఈ యూహ తోచినదట. కావున గాలిసంచిని ఆపివేయు తాళము లేని కారులో శిశువును అట్లు కూర్చుండబెట్టరాదు. కొంచెము పెద్దబిడ్డయైనచో సీటును సాధ్యమైనంత వెనుకకు జరిపి, వానికి తగిన కుర్చీలో పట్టీతో బిగింపవలెను. తల్లి యొడి అచ్చటను కుర్చీ కాజాలదు.

ముగ్గురు బిడ్డలును ఒకే స్కూటరును గల తండ్రి యేమి చేయవలెనని మమ్ము అడుగుదురు. సులువైన జవాబు లేదు. రెండు తడవలు తిరుగవచ్చును. మైలులోపు దూరమువారు పెద్దపిల్లల వెంట నడచి రావచ్చును; మా బాల్యమున అందరము నడచియే వచ్చితిమి. విశాఖపట్టణపు ఆసుపత్రికి చంటిబిడ్డతో పోవలసినప్పుడు బస్సు మేలు. హెల్మెట్టు కొనునప్పుడు "వచ్చే యేటికి సరిపోవును" అని చొక్కావలె పెద్దది కొనరాదు. పట్టీ బిగించిన పిదప బిడ్డ తల ఊపినను అది కదలరాదు.

మా కుమార్తె ఇప్పుడు పదవ తరగతి. గడ్డము క్రింది మచ్చ యింకను మాయలేదు. బండి ఎక్కకముందు ఆమె ప్రతిదినము మా గడ్డము క్రింది పట్టీలోనికి రెండు వ్రేళ్లు దూర్చి లాగి చూచును. వదులుగా నున్నచో తానే బిగించును.