ఆట ముగిసిన తరువాతి గంట

గెలుపోటములు తేలిన క్షణంతో ఆట ముగిసిందని ప్రేక్షకుడు భావిస్తాడు. రహదారి భద్రతను అధ్యయనం చేసేవారికి మాత్రం అసలు ప్రమాదవేళ అప్పుడే ఆరంభమవుతుంది.

అమెరికాలో ఏటా ఒక ఆదివారంనాడు జరిగే సూపర్ బౌల్ అనే తుదిపోటీని కోట్లాది జనం ఇళ్లలోను, మిత్రుల విందులలోను టెలివిజన్‌లో చూస్తారు. ఆ విందులలో మద్యానికి కొదువ ఉండదు. టొరాంటో విశ్వవిద్యాలయ వైద్యుడు డొనాల్డ్ రెడెల్‌మయర్ తన సహచరునితో కలిసి 27 సంవత్సరాల పోటీలను పరిశీలించి, 2003లో ఫలితాలు ప్రకటించారు. ప్రసారం ముగిసిన తరువాతి కొద్ది గంటలలో సంభవించిన రోడ్డు మరణాలను, ముందు వెనుక ఆదివారాలలో అదే వేళకు సంభవించిన మరణాలతో పోల్చగా 41 శాతం పెరుగుదల కనిపించింది. మొదటి గంటలోనే అది అత్యధికం. విజేతలే ఒళ్లు తెలియక వాహనాలు నడుపుతారని మనం అనుకుంటాము. కాని గెలిచిన జట్టు స్వరాష్ట్రంలో ఈ పెరుగుదల దాదాపు కానరాలేదు. ఓడిన జట్టు రాష్ట్రంలోనే అధికంగా ఉంది. మద్యంతోపాటు అలసట, పరధ్యానం కూడా కారణాలై ఉండవచ్చునని పరిశోధకులు సూచించారు. ఈ మూడూ ఒకే మనిషిలో, ఒకే రాత్రి కలవడమే భయంకరం.

మైదానానికి స్వయంగా వెళ్లేవారి సంగతి మిన్నెసోటా విశ్వవిద్యాలయం వారు పరిశీలించారు. 2011లో వెలువడిన వారి అధ్యయనంలో, పోటీల నుండి బయటికి వస్తున్న 362 మంది శ్వాసను పరీక్షించగా, సుమారు 8 శాతం మంది అక్కడి చట్టపరిమితిని దాటి ఉన్నారు.

తాగినవాడు తాను బాగానే ఉన్నానని ఎందుకు నమ్ముతాడు? చివరిగా తాగిన మద్యం రక్తంలో పూర్తిగా కలవడానికి అరగంట నుండి గంటన్నర వరకు పడుతుంది. ద్వారం దాటేటప్పుడు తేలికగా అనిపించిన మత్తు, నడిదారిలో ముదురుతుంది. దిగడం మరీ నెమ్మది. కాలేయం గంటకు 100 మిల్లీలీటర్ల రక్తంలో సుమారు 15 మిల్లీగ్రాముల మద్యాన్ని మాత్రమే తొలగించగలదు. రాత్రి 11.30కు 120 మిల్లీగ్రాములు ఉన్నవాడు 30కి దిగేసరికి తెల్లవారుజాము 5.30 అవుతుంది. కాఫీ, చన్నీళ్లు, మజ్జిగ ఈ లెక్కను మార్చలేవు. కునుకు తీసి కోడికూతవేళ బండెక్కేవాడు కూడా ఇంకా మత్తులోనే ఉండవచ్చును. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో అర సెకను ఆలస్యంగా బ్రేకు వేస్తే వాహనం 8 మీటర్లు అదనంగా ముందుకు పోతుంది. ఆ 8 మీటర్లలో ఉన్నవాడు ఆటే చూడని బాటసారి కావచ్చు, రాత్రి పాళీ ముగించుకుని వస్తున్న కార్మికుడు కావచ్చు.

మనదేశంలో క్రికెట్ మైదానాలలో సాధారణంగా మద్యం అమ్మరు. అందువల్ల సమస్య లేదనుకోవడం పొరపాటు. తాగుడు స్నేహితుల గదులకు, హోటళ్లకు మారుతుందంతే. సాయంత్రం 7.30కు మొదలైన ట్వంటీ20 ఆట 11 దాటాక ముగుస్తుంది. అప్పటికి సిటీ బస్సులు పలచబడతాయి, బండి తాళం చేతిలోనే ఉంటుంది. 1988 మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి మద్యం ఉండి వాహనం నడపడం నేరం. 2019 సవరణ తరువాత మొదటి నేరానికి ఆరు నెలల వరకు ఖైదు లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. 2022లో దేశంలో 1,68,491 మంది రోడ్డు ప్రమాదాలలో మరణించారు. వారిలో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాలపై వెళ్తున్నవారే. మద్యం, మాదకద్రవ్యాల కారణంగా నమోదైన మరణాలు వీటిలో సుమారు 2.5 శాతమే. ప్రతి ప్రమాదంలోనూ రక్తపరీక్ష సకాలంలో జరగదు కనుక, ఈ అంకెను చూసి ఊరట చెందలేము.

మనిషి విచక్షణను మద్యమే ముందుగా హరిస్తుంది. కనుక నిర్ణయాన్ని ఆ క్షణానికి వదలక, ఆటకు బయలుదేరేముందే తిరుగు ప్రయాణం ఏర్పాటు చేసుకోవాలి. 2024లో చెన్నై చేపాక్ మైదానంలో ఐపీఎల్ పోటీలకు వచ్చినవారు ఆట టికెట్టుతోనే మెట్రో రైలులో ఉచితంగా ప్రయాణించే వీలు కల్పించారు. బండి ఇంటివద్దే ఉండిపోయినవాడికి, ఆట గెలిచినా ఓడినా, అర్ధరాత్రి తాళం కోసం జేబు తడుముకునే పని ఉండదు.