జీర్ణయంత్రోద్ధరణము

కడప జిల్లాలో పులివెందులకు చేరువన, వేముల మండలమున, తుమ్మలపల్లె యను గ్రామము గలదు. తుమ్మచెట్టును పేరిట నిలుపుకొన్న యీ యూరు వానలు తక్కువ, ఎండలు మెండు అయిన మెట్టసీమకు చెందినది. దీని నేల యడుగున యురేనియము గల రాతిపొరలున్నవి. ఆ రాతిని త్రవ్వి శుద్ధిచేయు కర్మాగారము 2012లో పనిచేయ నారంభించెను. జార్ఖండు రాష్ట్రమునందలి జాదూగూడలో నిట్టి ముడిరాతిని గంధకామ్లముతో కరగించి లోహమును వేరుపరచుదురు. తుమ్మలపల్లెలో నా పద్ధతి పనికిరాదు. ఇచ్చటి యురేనియము డోలమైటు అను సున్నపుజాతి రాతిలో నిమిడియున్నది. ఆమ్లము పోసినచో నదియంతయు సున్నపురాతిని పొంగించుటకే వ్యయమైపోవును. కావున శాస్త్రజ్ఞులు ముందు రాతి స్వభావమును పరిశీలించి, సోడియము కార్బొనేటు మొదలగు క్షారములతో, వేడిమిని ఒత్తిడిని కల్పించి, పని నెరవేర్చు పద్ధతిని గైకొనిరి. ఇండ్లలో చాకలి సోడా యని వాడునదియే యీ సోడియము కార్బొనేటు.

వస్తువేదో తెలిసికొన్న పిదపనే దానికి చేయదగిన పని యేర్పడును. గనికి చెల్లిన యీ వరుస బల్లమీది కంప్యూటరునకును చెల్లును.

ఇట్టి పల్లెలలో నొక పాఠశాలయందు 2009 ప్రాంతమున కొన్న కంప్యూటరు ఒకటి యున్నదని యూహింపవచ్చును. మీట నొక్కినది మొదలు తెర సిద్ధమగుటకు అయిదారు నిమిషములు పట్టును. చిన్న వ్రాతపుటను తెఱచుటకును పిల్లలు చేతులు కట్టుకొని వేచియుండవలెను. మధ్యాహ్నవేళ నది యొక్కొక్కప్పుడు తనంతట తానే ఆగిపోవును. "అయ్యవారూ, పాతయినుము కొనువాడు బండితో వచ్చియున్నాడు. తూకమునకు వేసివేయుదుమా?" యని బంట్రోతు అడుగును. అందులో ఎన్నియో యేండ్ల మార్కుల పట్టికలున్నవి. పిల్లలు తమ చేతులతో టైపుచేసిన వ్యాసములున్నవి. ఆ బడిలో నలువదిమందికి కంప్యూటరన్న నదియొక్కటే. అది బండి యెక్కినచో వారికి కంప్యూటరు మరల పుస్తకములోని బొమ్మ మాత్రమే యగును.

"నిలువుమయ్యా! జబ్బేమో తెలియకుండ రోగిని కాటికి పంపుదురా?" యని అయ్యవారు బదులు చెప్పును.

ఆయన చేయు మొదటిపని మరలు విప్పుట కాదు. పట్టికలను, వ్యాసములను వేరొక పెన్‌డ్రైవులోనికి ఎత్తి, అవి సరిగా తెఱచుకొనుచున్నవో లేవో మరియొక యంత్రమున చూచుకొనును. పాత డిస్కు ఏ గడియలో మొరాయించునో దాని కర్తకును తెలియదు. ఈ జాగ్రత్త చాలించుకొన్న పిదపనే పరీక్ష మొదలగును.

యంత్రము వెలిగిన తొలిక్షణములలో డెల్ అను మీటను గాని, ఎఫ్2 అను మీటను గాని నొక్కినచో బయాస్ అను తెర కానవచ్చును. ప్రాసెసరు పేరు, ర్యామ్ ఎంతయున్నది, ఏ డిస్కు తగిలింపబడినది, లోపలి గడియారము చూపు తేదీ యేది అను విషయము లందు వ్రాయబడియుండును. విండోస్‌లోని డివైస్ మేనేజర్ అను పట్టిక మరికొన్ని వివరముల నిచ్చును. ఒక్కొక్కప్పుడు ఆ పట్టికలో పసుపుపచ్చని గుర్తుతో "గుర్తుతెలియని పరికరము" అని మాత్రమే యుండును. అంతమాత్రమున నిరాశ పడనక్కరలేదు. కంప్యూటరులోని ముఖ్యాంగములలో చాలవానికి రెండేసి సంఖ్యలు గలవు. మొదటిది తయారుచేసిన సంస్థను, రెండవది ఆ వస్తువును తెలుపును. తెలుగువారిలో ఇంటిపేరు ముందును, పెట్టినపేరు తరువాతను వచ్చునట్లే యిదియును. ఇంటెల్ సంస్థ యింటిపేరు 8086. అది 1978లో ఆ సంస్థ వెలువరించిన ప్రసిద్ధమైన ప్రాసెసరు పేరు. దానినే వారు వంశచిహ్నముగా నిలుపుకొనిరి. ఈ జంటసంఖ్యలను బట్టి వెదకినచో అనామకముగా నున్న యంగమునకు పేరు దొరకును, దానిని నడపు డ్రైవరును దొరకును.

ఈ యుదాహరణమునందలి యంత్రములో తేలిన సంగతులివి: ప్రాసెసరు ఇంటెల్ కోర్ 2 డ్యూయో, అది కూర్చున్న గద్దెకు 775 స్పర్శబిందువులు, తల్లిపలక జి31 జాతిది, డి.డి.ఆర్.2 రకపు ర్యామ్ ఒక గిగాబైటు. నిమిషమునకు 7200 పర్యాయములు తిరుగు 160 గిగాబైట్ల డిస్కు. గడియారము మాత్రము యంత్రము పుట్టిన కాలపు తేదీనే చూపుచున్నది.

యంత్రమును విప్పి చూచుటకు పల్లెబడి పిల్లలు తగుదురా యని కొందరు సందేహింతురు. 1994లో కంప్యూటరు శాస్త్రమున అత్యున్నతమైన ట్యూరింగు బహుమానమును పొందిన దబ్బల రాజగోపాలరెడ్డి, 1937లో చిత్తూరు జిల్లా కాటూరను పల్లెలో జన్మించినవాడే. గ్రామీణ విద్యార్థుల కొఱకు 2008లో ఏర్పడిన విశ్వవిద్యాలయమునకు ఆయన మార్గదర్శి యయ్యెను. దాని ప్రాంగణములలో నొకటి తుమ్మలపల్లె గల యీ కడప జిల్లాలోని ఇడుపులపాయలోనే యున్నది. తగుదురా యను ప్రశ్నకు ఇంతకంటె జవాబు అక్కరలేదు.

అయినను విప్పుటకు కొన్ని నియమములు గలవు. మొదట తీగను గోడనుండి ఊడదీయవలెను. పిదప వెలిగించు మీటను కొన్ని క్షణములు నొక్కి పట్టినచో లోపల మిగిలిన విద్యుత్తు చాలవఱకు ఖర్చగును. విద్యుత్తును సరఫరాచేయు ఎస్.ఎం.పి.ఎస్. అను ఇనుపపెట్టెను మాత్రము ఎవ్వరును విప్పరాదు. తీగ పీకిన తరువాత కూడ దాని కెపాసిటర్లలో ప్రాణాపాయకరమైన విద్యుత్తు నిలిచియుండును. ఇది భయపెట్టుటకు చెప్పు మాట కాదు.

రాయలసీమలో మరియొక శత్రువున్నది. అది కంటికి కానరాదు. గాలిలో తేమ యున్నచోట వస్తువులపై చేరిన స్థిరవిద్యుత్తు మెల్లగా జారిపోవును. పొడిగాలిలో నది శరీరమునను నైలాను బట్టలపైనను నిలిచియుండును. దాదాపు మూడువేల వోల్టులకు లోబడిన స్థిరవిద్యుత్తు చేతినుండి దూకినను మనుష్యునకు తెలియదు. కొన్ని వందల వోల్టులకే చిప్పు చెడిపోవచ్చును. అనగా చెఱచినవానికి తాను చెఱచినట్లు తెలియదన్నమాట. కావున లోపలి యంగములను ముట్టుటకు ముందు పెట్టెయొక్క రంగులేని లోహభాగమును చేతితో తాకవలెను; పని జరుగుచున్నంతసేపు నడుమనడుమ తాకుచుండవలెను. పలకలను అంచులయందే పట్టుకొనవలెను.

మూత తీసినంతనే మధ్యాహ్నపు జబ్బునకు కారణము బయటపడును. ప్రాసెసరుపై నున్న లోహపురేకుల నడుమ దుమ్ము దూదిపరుపు వలె పేరుకొనియున్నది. గాలి చొరదు, వేడిమి పోదు. వెలుపల నలువది డిగ్రీలు దాటిన దినమున ప్రాసెసరు మితిమీరి కాగి, తన్ను తాను కాపాడుకొనుటకై యంత్రము నాపివేయుచున్నది. అందఱును మొండితనమని తలచినది నిజమునకు ఆత్మరక్షణ. మెత్తని పొడికుంచెతో దుమ్ము దులుపవలెను, తడిగుడ్డ కూడదు. గాలిపంపుతో ఊదునప్పుడు పంకారెక్కలను వ్రేలితో పట్టియుంచవలెను, లేనిచో అవి మితిమీరిన వేగమున తిరిగి చెడును. ప్రాసెసరునకును లోహపురేకులకును నడుమనుండు లేపము ఎండి పెచ్చులైనచో, పాతదానిని తుడిచి క్రొత్తది బియ్యపుగింజలు రెండింటి యంత మాత్రమే పెట్టవలెను. ఎక్కువ పెట్టినచో ఎక్కువ మేలు కలుగదు.

తరువాత పలకపై నిలిచియున్న చిన్న స్తంభములవంటి కెపాసిటర్లను వరుసగా చూడవలెను. వాని తలలు చదునుగా నుండవలెను. ఉబ్బియున్నను, గోధుమరంగు ద్రవము కారియున్నను, ఆ పలకకు కాలము మూడినట్లే. దానిపై ధనము వెచ్చించుట దండుగ. ఈ యంత్రములో నవి చదునుగానే యున్నవి. కావున ఖర్చు చేయవచ్చును.

అన్నిటికంటె చౌకైన మరమ్మతు గడియారమునకు సంబంధించినది. తల్లిపలకపై రూపాయి బిళ్లవంటి బ్యాటరీ యొకటి యుండును. దాని పేరు సి.ఆర్.2032. ఇరువది మిల్లీమీటర్ల వ్యాసము, 3.2 మిల్లీమీటర్ల మందము అని యా సంఖ్యకు అర్థము. దాని మూడు వోల్టుల బలము క్షీణించినచో యంత్రము తేదీని మఱచును. తేదీ తప్పినచో అంతర్జాలములోని సురక్షితమైన తావులు తెఱచుకొనవు. ఏలయన వాని ధ్రువపత్రముల కాలపరిమితిని యంత్రము తన గడియారముతోనే సరిచూచుకొనును. అంతర్జాలము చెడినదని మొఱపెట్టు చోట ననేకమాఱులు చెడినది ఈ బిళ్లయే.

ఇక ర్యామ్ సంగతి. ప్రాసెసరు చదువుకొను విద్యార్థి యైనచో ర్యామ్ వాని యెదుటి బల్ల. డిస్కు మూలనున్న బీరువా. బల్ల చిన్నదైనచో ప్రతి పుస్తకమునకును బీరువాకు పోయి రావలెను. ఒక గిగాబైటు బల్ల నేటి పనులకు చాలదు. ఎంతవఱకు పెంచవచ్చునో తల్లిపలకయే నిర్ణయించును. జి31 జాతిపలక నాలుగు గిగాబైట్లకు మించి భరింపలేదు. రకమును కూడ అదియే నిర్ణయించును. డి.డి.ఆర్.2, డి.డి.ఆర్.3 పలకలకు రెంటికిని 240 స్పర్శబిందువులే గలవు; చూపునకు కవలలవలె నుండును. కాని మొదటిది 1.8 వోల్టులతోను, రెండవది 1.5 వోల్టులతోను పనిచేయును. అందుచేత అడుగుననున్న గంటును వేర్వేరు చోట్ల పెట్టిరి. ఒక పిల్లవాడు బజారునుండి డి.డి.ఆర్.3 పలకను తెచ్చి, గాడిలో కూర్చుండుట లేదని బొటనవ్రేళ్లతో అదిమినాడనుకొన్నచో, విఱుగునది గాడి, పోవునది తల్లిపలక. సరియైన పలక తన గంటును గాడిలోని మిట్టతో కలుపుకొని తానుగా దిగును, రెండు కొనలయందును కొక్కెములు టక్కుమని పడును.

రెండేసి గిగాబైట్ల పలకలు రెండు పెట్టినను పాత విండోస్ సుమారు మూడుంబావు గిగాబైట్లనే చూపుట కలదు. అంగడివాడు మోసగించెనని కోపపడుటకు ముందు లెక్క చూడవలెను. 32 బిట్ల వ్యవస్థ చెప్పగల చిరునామాలు 4,29,49,67,296 మాత్రమే. అనగా సరిగా నాలుగు గిగాబైట్లు. వానిలో కొన్నిటిని చిత్రమును చూపు భాగము మొదలగు నితరాంగములకు కేటాయింపవలసియున్నది. 64 బిట్ల వ్యవస్థను పెట్టినచో నీ చిక్కు చాలవఱకు తీరును. కోర్ 2 డ్యూయో అందులకు సమర్థమైనదే.

అన్నిటికంటె గొప్ప మార్పు డిస్కువలన కలుగును. నిమిషమునకు 7200 చుట్లనగా క్షణమునకు 120. ఒక చుట్టునకు ఎనిమిది మిల్లీసెకండ్లకు పైగా పట్టును. చదువుసూది తగిన వలయమునకు జరుగుటకును, కావలసిన భాగము దాని క్రిందికి తిరిగి వచ్చుటకును కలిపి, ఒక్కొక్క వెదకులాటకు సగటున పది పదునైదు మిల్లీసెకండ్లు గడచును. యంత్రము మేల్కొనునప్పు డిట్టి వెదకులాటలు వేలకొలది జరుగును. అయిదారు నిమిషము లిందులకే చెల్లిపోవుచున్నవి. ఎస్.ఎస్.డి. అను క్రొత్త నిలువలో తిరుగు వస్తువేదియు లేదు. వెదకులాట మిల్లీసెకండులో పదియవ వంతున ముగియును. జి31 పలకపైని సాటా మార్గము సెకండునకు సుమారు 300 మెగాబైట్లకు మించి మోయలేదు, నేటి ఎస్.ఎస్.డి. అంతకంటె వేగముగా పంపగలదు. ఆ తేడా వ్యర్థమగునని కొనుట మానరాదు. లాభమంతయు వెదకులాటలోనే యున్నది.

నడుపు వ్యవస్థను గూర్చి క్లుప్తముగా చెప్పవచ్చును. విండోస్ ఎక్స్‌పికి 2014లోను, విండోస్ 7కు 2020లోను, విండోస్ 10కి 2025లోను ఉచితరక్షణ నిలిచిపోయెను. విండోస్ 11 యీ ప్రాసెసరును అంగీకరింపదు. లినక్సులో తేలికైన రకములు దీనిపై చక్కగా నడచును. హైదరాబాదులోని స్వేచ్ఛ యను సంస్థవారు లినక్సును తెలుగులోనికి తెచ్చుటకు కృషిచేసిరి. మెనూలు తెలుగున కనబడినచో ఆఱవతరగతి పిల్లవానికిని బెదురు తీరును.

దీనికి ఖరీదైన గ్రాఫిక్స్ కార్డును కొనవచ్చునా యని పెద్దపిల్లలడుగుదురు. కొనరాదు. పాత ఎస్.ఎం.పి.ఎస్. దాని విద్యుత్తును ఇయ్యలేదు, ప్రాసెసరు దాని వేగమును అందుకొనలేదు. ముసలియెద్దును క్రొత్తబండికి కట్టినట్లుండును.

తీసివేసిన పాత డిస్కు చెడనిదైనచో రెండవ నిలువగా ఆ పెట్టెలోనే యుండవచ్చును. పాత ర్యామ్ పలక అదేజాతి యంత్రమున్న మరియొక బడికి పనికివచ్చును. నిజముగా పాడైనవానిని మాత్రము చెత్తలో వేయరాదు, రాగికొఱకు తీగలను కాల్పరాదు. పాత టంకమునందు సీసమున్నది, తీగల తొడుగు కాలినచో విషవాయువులు వెలువడును. 2023 ఏప్రిలునుండి అమలులోనున్న నిబంధనల ప్రకారము ఇట్టి వ్యర్థములను నమోదుపొందిన వారికే అప్పగింపవలెను.

మూత బిగించుటకు ముందు అయ్యవారు ఒక చిన్న కాగితముపై ప్రాసెసరు పేరును, ర్యామ్ రకమును, లేపము మార్చిన తేదీని, బ్యాటరీ వేసిన తేదీని పిల్లలచేత వ్రాయించి లోపలివైపున అంటింపజేయును. మరుసటి వేసవిలో దుమ్ము దులుపుటకు మూత తీయువా రెవరైనను దానినే మొదట చదువుదురు.