ముందు వెనక గోడ దగ్గరికి వెళ్లు

సంగారెడ్డి

చి. బుజ్జికి,

మందుల కంపెనీ పర్చేజ్ సెక్షన్‌లో చేరావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. అదే పని నేను ఇరవై ఎనిమిదేళ్లు చేశాను. కాలుష్యం సరుకు తయారుచేసేవాడి తప్పేననీ, కొనేవాడికి దాంతో పనిలేదనీ నీకు ఎవరో ఒకరు నూరిపోయకముందే ఈ ఉత్తరం నీకు చేరాలి.

నేను చేరిన కొత్తల్లో ఒక ఇంటర్మీడియట్ రసాయనానికి మూడు కొటేషన్లు వచ్చాయి. ఒకడి రేటు మిగతా ఇద్దరికంటే బాగా తక్కువ. ఆర్డరు వాడికే ఇచ్చి మేనేజరు చేత శభాష్ అనిపించుకున్నాను. రెండేళ్ల తర్వాత సరుకు ఆలస్యమైతే తొందరపెట్టడానికి ఆ యూనిట్‌కి వెళ్లాను. వెనక గోడ అవతల ఒక రైతు బావి. ఆయన చేద వేసి తోడి చూపించాడు. నీళ్లు డికాక్షన్ రంగులో ఉన్నాయి. "ఎడ్లు గూడ మూతి పెడ్తలేవు సారూ" అన్నాడు. కిలోకి ఇన్ని రూపాయలు మిగిల్చానని నేను మురిసిపోయిన డబ్బు ఆ బావిలోదే.

ఇది ఆ ఒక్క బావి కథ కాదు. పటాన్‌చెరు పారిశ్రామికవాడ కాలుష్యం 1990లోనే సుప్రీంకోర్టుకెక్కింది. స్వీడన్ పరిశోధకులు అక్కడి ఉమ్మడి శుద్ధి ప్లాంటు నీళ్లు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. అప్పట్లో దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థజలం వచ్చే ప్లాంటు అది. శుద్ధయ్యాక బయటికొచ్చే నీటిలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉంది. ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. అలాంటి నీటిలో బతికి బట్టకట్టిన బ్యాక్టీరియా ఆ మందుకు లొంగదు. మనం తయారుచేసే మందును మనమే పనికిరాకుండా చేసుకుంటున్నాం బుజ్జీ.

ఇక నీ పని. వెండర్ ఆడిట్‌కి వెళితే కాన్ఫరెన్స్ రూములో కూర్చోబెట్టి స్లైడ్లు చూపిస్తారు. నువ్వు స్టోర్స్ రిజిస్టర్ అడుగు. బల్క్ డ్రగ్ తయారీలో నీళ్లు పక్కన పెడితే, బరువులో అన్నిటికంటే ఎక్కువ వాడేది సాల్వెంటే. కిలో సరుకుకి ఎంత టోలుయీన్ కొన్నారు, ఎంత రికవరీ చేశారు, ఎంత రీసైక్లర్‌కి పంపారు? పంపినదానికి 2016 నిబంధనల ప్రకారం ఫారం 10 మేనిఫెస్ట్ ఉండాలి. లెక్క కుదరకపోతే ఆ తేడా గాలిలోనో వాగులోనో కలిసినట్టే.

గేటు దగ్గర 'జీరో లిక్విడ్ డిశ్చార్జ్' బోర్డు చూసి తృప్తి పడకు. చుక్క వ్యర్థజలం కూడా బయటికి వదలమని దానర్థం. కానీ వ్యర్థజలాన్ని ఇగిరించే ఎవాపరేటర్ నడవాలంటే ఆవిరి కావాలి, ఆవిరికి బొగ్గో మరో ఇంధనమో కావాలి, చివరికి ఉప్పు మిగలాలి. ఆ ఉప్పు దుండిగల్ లాంటి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి నెలకెన్ని టన్నులు వెళ్లిందో చూడు. ఇంధనం ఖర్చు కాలేదు, ఉప్పు రాలేదు అంటే ఆ ప్లాంటు నడవలేదు. రాత్రిపూట బయటికి వెళ్లిన ట్యాంకర్ల వివరాలు సెక్యూరిటీ రిజిస్టర్‌లో దొరుకుతాయి.

డ్రమ్ములు మళ్లీ వాడటం, లారీలు నిండుగా నడపడం కూడా చెయ్యి. వాటికి ఎవరూ అడ్డు చెప్పరు, ఖర్చూ తగ్గుతుంది. అసలు పోట్లాట రేటు దగ్గరే. శుద్ధి చేసేవాడి రేటు సాధారణంగా ఎక్కువుంటుంది. అలాగని చిన్న వెండర్‌ని ఒక్క ఈమెయిల్‌తో తీసిపారెయ్యకు. వాడికి మూడేళ్ల ఆర్డరు రాసిస్తే దాన్ని చూపించి బ్యాంకు అప్పుతో సాల్వెంట్ రికవరీ కాలమ్ పెట్టుకోగలడు. నెలకో రేటు అడిగితే వాడు ఏ ధైర్యంతో పెడతాడు?

మనం కొనకపోతే ఇంకొకడు కొంటాడని నీ పైవాళ్లు అంటారు. నాతోనూ అన్నారు. 2019లో నార్వే ఆస్పత్రుల కొనుగోలు సంస్థ యాంటీబయాటిక్స్ టెండర్లో పర్యావరణానికి 30 శాతం మార్కులు పెట్టిందని చెప్పు. 2024లో యాంటీబయాటిక్స్ ఫ్యాక్టరీల వ్యర్థాల మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు ఇచ్చిందని చెప్పు. ఈ ప్రశ్నలు రేపు మన కొనుగోలుదారులే మనల్ని అడుగుతారు.

వచ్చే నెల నీ మొదటి ఆడిట్ అట. ఆఫీసులో టీ తాగకముందే వెనక గోడ దగ్గరికి వెళ్లు. అక్కడ బావి ఉంటే, రైతుని అడిగి ఒక చేద తోడించుకో. ఆ నీళ్లు చూశాకే కొటేషన్ మీద సంతకం పెట్టు.

ఇట్లు,
మీ మామయ్య