బిడ్డల చదువు - ఫిలిప్పు ప్రశ్న

(పాఠ్యభాగము: అపొస్తలుల కార్యములు 8:26-40)



ఈ భాగమును మనము సాధారణముగా బాప్తిస్మమును గూర్చిన పాఠముగా చదువుదుము. ఈ నెల దీనిని మన బిడ్డల చదువు విషయములో ధ్యానింతము. ఏలయనగా గృహదర్శనమునకు పోయిన ప్రతి వాడలోను మాకు ఒకే ప్రశ్న ఎదురగుచున్నది: "అయ్యగారూ, పిల్లవాడికి ఫోను కొనమంటారా? అది లేకపోతే చదువు రాదంటున్నారు." కూలి డబ్బు కూడబెట్టి కొనవలసినవారు అడుగు ప్రశ్న గనుక తేలికగా జవాబు చెప్పరాదు.

ఐతియొపీయుడైన ఆ అధికారిని చూడుడి. కందాకే రాణి ధనాగారమంతయు అతని చేతిక్రింద నున్నది. రథమున్నది, చదువు వచ్చును, యెషయా గ్రంథమున్నది. ఆ దినములలో గ్రంథమనగా చేతితో వ్రాసిన చుట్ట. బీదవాని యింట కానరాని వస్తువు. అనగా ఆ కాలమునకు దొరకగలిగిన శ్రేష్ఠమైన సాధనము అతని ఒడిలోనే యుండెను. అయినను ప్రవక్త ఎవరిని గూర్చి చెప్పుచున్నాడో అతనికి బోధపడలేదు. ఫిలిప్పు ఆ గ్రంథమును తప్పుపట్టలేదు, మూసివేయుమనలేదు. పరుగెత్తి వచ్చి, చదివినది అర్థమగుచున్నదా యని అడిగెను. పిలువగా రథమెక్కి ప్రక్కన కూర్చుండెను. అతడు చదువుచున్న చోటనుండియే బోధింప నారంభించెను. మరియొక సంగతి కూడ గమనింపుడి. ఆ అధికారియు ప్రశ్నలడిగెను. నీళ్లు చూచి బాప్తిస్మమునకు అడ్డమేమని అడిగినవాడు అతడే గదా.

క్రొత్త సాధనము వచ్చినప్పుడెల్ల పాతదాని పని తీరిపోయెనని చెప్పువారుందురు. 1913లో అమెరికాలో థామస్ ఎడిసన్, చలనచిత్రములు వచ్చినందున పాఠశాలలలో పుస్తకములు త్వరలోనే పనికిరాకుండ పోవునని చెప్పెను. నూరేండ్లు దాటినను మన బిడ్డల సంచుల బరువు తగ్గలేదు! మన దేశములో 1975 ఆగస్టు మొదలు ఒక సంవత్సరము, ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు ఉపగ్రహము ద్వారా టెలివిజన్ పాఠములు వచ్చెను. అది మంచి ప్రయత్నమే. కాని ఆ ఉపగ్రహము అమెరికావారియొద్ద అరువు తెచ్చినది. గడువు తీరగానే వెనుకకు పోయెను. ఏ సాధనమైనను మన యింటికి వచ్చునప్పుడు, ఇది ఎవరిది, ఎన్నాళ్లుండును, చెడిపోయిన యెడల బాగుచేయువారెవరు అని అడుగుట అవిశ్వాసము కాదు. గోపురము కట్టగోరువాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనునని ప్రభువే సెలవిచ్చెను (లూకా 14:28).

2020లో పాఠశాలలు మూతపడినప్పుడు టెలివిజన్ పాఠములు, ఫోను పాఠములే అనేకులకు దిక్కయ్యెను. ఆ మేలు మరువరాదు. అయితే ఫోనున్న యింటి బిడ్డకును లేని యింటి బిడ్డకును మధ్య ఎడము పెరుగుటయు మనము చూచితిమి. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తన పాఠశాలల 8వ తరగతి బిడ్డలకు టాబులు పంచనారంభించెను. మరుసటి సంవత్సరము ఐక్యరాజ్యసమితి విద్యాసంస్థయైన యునెస్కో తన నివేదికలో, ఇట్టి సాధనములు ఉపాధ్యాయునికి తోడుగా నుండవలెను గాని అతని స్థానమును తీసికొనరాదని హెచ్చరించెను.

ఇతరుల సంగతి చెప్పి మా తప్పును దాచరాదు. మా సండేస్కూలులో దావీదు చరిత్రను బొమ్మల సినిమాగా తెరమీద చూపించితిమి. మూడు ఆదివారములు బిడ్డలు కదలలేదు. మేము సంతోషించి, ఆ సమయములో వెనుక బల్లమీద కానుకల లెక్క వ్రాసికొంటిమి. నాలుగవ ఆదివారము, సౌలు ఇచ్చిన కవచమును దావీదు ఎందుకు విడిచిపెట్టెనని అడిగితిమి. గొల్యాతు శిరస్త్రాణము రంగు అందరికి తెలియును. దీనికి మాత్రము జవాబు లేదు. ఒక చిన్నపిల్ల మెల్లగా లేచి, "అడుగుదామనుకున్నానండి, అది ఆగలేదు," అనెను. తెర ఆగలేదు సరే, మేమెక్కడ నుంటిమి? ఇప్పుడు కథను మూడు చోట్ల ఆపి, దీపము వేసి, బిడ్డలనే ప్రశ్నలడుగుమనుచున్నాము. సినిమా ముగియుటకు రెండు వారములు పట్టుచున్నది.

ఇప్పుడు అడిగినదానికి వెంటనే జవాబు చెప్పు యంత్రములు ఫోనులోనే వచ్చినవి గదా యని యౌవనస్థులు మమ్మునడుగుచున్నారు. నిజమే; వాటివలన ఉపకారమున్నది. కాని అవి సరియైన జవాబును, తప్పు జవాబును ఒకే ధైర్యముతో చెప్పును. బెరయవారు పౌలు చెప్పినదానినే దినదినము లేఖనములలో పరిశోధించిరి (అపొస్తలుల కార్యములు 17:11). మన బిడ్డకు ఆ అలవాటు ఎవరు నేర్పుదురు?

గనుక ఆ తండ్రితో మేము కొనవద్దని చెప్పలేదు. ముందు బడిపంతులుగారి నడిగి, ఏ పాఠమునకు, ఎంతసేపు కావలెనో తెలిసికొనుమంటిమి. అప్పుచేసి కొనవద్దంటిమి. రాత్రి భోజనమైన తరువాత అరగంట బిడ్డ ప్రక్కన కూర్చుండుమంటిమి. "నాకు అక్షరం ముక్క రాదే అయ్యగారూ," అని అతడనెను. నేర్చిన సంగతి నాకు చెప్పుము నాయనా అని అడుగుటకు అక్షరములు రానక్కరలేదు. బిడ్డ చెప్పలేక తడబడిన యెడల, మరునాడు పంతులుగారిని ఏమి అడుగవలెనో వానికే తెలియును.

వచ్చు గురువారపు గృహకూటములలో ఈ భాగము చదువుదము. బిడ్డలను ముందు వరుసలో కూర్చుండబెట్టుడి. మొదటి ప్రశ్న వారినే అడుగనియ్యుడి.