మేకకు పడిన ఆకు పందికి ఎందుకు పడదు?

"మాస్టారూ! మా మేకలు సుబాబుల్ రెమ్మలు కడుపునిండా తింటాయండి. వాటికేమీ కాలేదు. దాణా ఖర్చు తగ్గుతుందని పందిపిల్లలకూ అదే ఆకు వేశాం. కొన్ని వారాలకే వాటి వెంట్రుకలు రాలిపోతున్నాయి. ఎందుకండీ?"

చోడవరం ప్రాంతపు పిల్లవాడొకడు అడిగిన ప్రశ్న ఇది. (చోడవరం 2022 వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోది.) ఇంటిల్లిపాదీ ఆ పిల్లల మీదే ఆశ పెట్టుకున్నారట. జవాబు కావాలంటే మనం రెండు జంతువుల పొట్టల్లోకి తొంగిచూడాలి.

ముందు ఆకు సంగతి. తవుడు, నూకలు పందికి శక్తినిస్తాయి. కాని వాటిలో మాంసకృత్తులు తక్కువ. ముఖ్యంగా లైసిన్ అనే ఎమైనో ఆమ్లం చాలదు. అది చాలకపోతే ఎదిగే పందికి కండ పట్టదు. వేరుశనగ చెక్క, చేపల పొడి కొనాలంటే డబ్బు కావాలి. సుబాబుల్ ఆకు గట్టు మీదనే దొరుకుతుంది. ఎండిన ఆకులో సుమారు ఐదోవంతు మాంసకృత్తులే! కాబట్టి ఆ ఇంటివారి ఆలోచన తప్పు కాదు.

చిక్కంతా ఆకులోని మైమోసిన్‌తో వచ్చింది. అదీ ఒక ఎమైనో ఆమ్లమే గాని, శరీరం దానితో మాంసకృత్తులు కట్టుకోలేదు. వెంట్రుక మొదట్లో కణాలు ఎడతెగక విభజన చెందుతుంటాయని మీరు చదివారు కదా? మైమోసిన్ ఆ విభజనను అడ్డుకుంటుంది. కత్తెర పట్టకుండా గొర్రె ఉన్ని ఊడదీయవచ్చునేమోనని ఆస్ట్రేలియాలో శాస్త్రజ్ఞులు దీన్ని గొర్రెలకిచ్చి చూశారు కూడా!

మరి మేక? అది నెమరువేసే జంతువు. తిన్న ఆకు ముందుగా రూమెన్ అనే పెద్ద గదిలో నానుతుంది. అక్కడి సూక్ష్మజీవులు మైమోసిన్‌ను విరగ్గొడతాయి. అప్పుడు పుట్టే పదార్థం థైరాయిడ్ గ్రంథికి చెరుపు చేస్తుంది. దాన్ని కూడా నాశనం చేయగల బాక్టీరియా కొన్నిచోట్ల పశువుల్లో ఉంది, కొన్నిచోట్ల లేదు. ఆస్ట్రేలియాలో సుబాబుల్ మేసిన పశువులు జబ్బుపడుతుంటే, హవాయి దీవుల మేకలు హాయిగా ఉండేవి. రేమండ్ జోన్స్ అనే శాస్త్రజ్ఞుడు ఈ తేడా పట్టుకున్నాడు. 1980ల మొదట్లో హవాయి మేకల రూమెన్‌లోని సూక్ష్మజీవులను ఆస్ట్రేలియా పశువులకు ఎక్కించారు. అవీ ఆ ఆకుకు తట్టుకున్నాయి! 1992లో ఆ బాక్టీరియాకు జోన్స్ పేరు మీదుగా సినర్జిస్టిస్ జోన్సీ అని పేరుపెట్టారు.

పందికి మనలాగే ఒకటే జీర్ణాశయం. దాని సూక్ష్మజీవులు ఎక్కువగా ఉండేది చివరనున్న పెద్దపేగులో. ఆకు అక్కడికి చేరేలోగా మైమోసిన్ చిన్నపేగు నుంచే రక్తంలో కలిసిపోతుంది.

అయితే అసలు వేయనే కూడదా? లెక్క వేసి చూద్దాం. రోజుకు 1.5 కిలోల దాణా తినే పందికి, ఎండు ఆకు 5 శాతమంటే 75 గ్రాములు, 10 శాతమంటే 150 గ్రాములు. అంతకు మించరాదు. పచ్చి ఆకులో ముప్పాతిక వంతు నీరే కనుక, ఇది పచ్చి ఆకు 300 నుంచి 600 గ్రాములకు సమానం. దానిలో వచ్చే మాంసకృత్తులు సుమారు 15 నుంచి 30 గ్రాములు. దాణాలో మాంసకృత్తులు 16 శాతం ఉండాలనుకుంటే పందికి రోజుకు 240 గ్రాములు కావాలి. కాబట్టి ఆకు దాణాకు తోడు మాత్రమే. చూడి పందికి అసలు వేయకపోవడమే మేలు. ఆకును ఎండబెట్టి పెడితే మైమోసిన్ కొంత తగ్గుతుంది. మల్బరీ ఆకులో ఈ బెడదే లేదు. దొరికినచోట అదే నయం.

నీటి లెక్క మీరే సరిచూడండి. 100 గ్రాముల పచ్చి ఆకు తూచి, నీడలో ఆరబెట్టి, బరువు ఇక తగ్గనంతవరకు రోజూ తూచండి.

ఆ పిల్లవాడి ఇంట్లో ఆకు ఆపేశారు. కొంతకాలానికి పందిపిల్లలకు మళ్ళీ వెంట్రుకలు మొలిచాయి.